దబ్బనానికి చుట్టిన దారం

నవంబర్ 8, శనివారం

రేపు మా ఆయనకి సెలవు. అక్క పనిచేసే పాతపల్లె చూడటానికి వెళ్తున్నాం. అక్కకి చెప్పలేదు. చెప్తే మళ్ళీ ఏదో ఒక వంక పెడుతుంది. మొన్న ఎండ అంది, అంతకుముందు రద్దీ అంది, ఇంకోసారి "అక్కడేముందే, నాలుగు గుడిసెలూ నేనూ" అంది. బావ పోయాక ఇంట్లో ఒక్కతే ఉండలేక ఈ పనిలో చేరింది. ఈ వయసులో వేషం కట్టాల్సి వచ్చిందని సిగ్గు కాబోలు. నేను నవ్వుతాననుకుంటోంది. నవ్వుతాను కూడా.

కింద కూర్చుని మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే మెత్త ఒకటి కుట్టాను. నేను పనిచేసే టైలరు షాపులో మిగిలిన ముక్కలతోనే అయినా బాగా వచ్చింది.

నవంబర్ 9, ఆదివారం

పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మొదటినుంచీ రాస్తాను. లేకపోతే నాకే తలా తోకా తెలిసేలా లేదు.

బస్సు డిపో దాటాక పెద్ద మైదానం. ఎక్కడెక్కడి పల్లెల్లోనో కూలగొట్టబోతున్న పాత ఇళ్ళని దూలం దూలం విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. మట్టి బాట, కమ్మరి కొలిమి, నూనె గానుగ, చిన్న బడి, గడ్డి కప్పుల ఇళ్ళు. ఒక్కో ఇంట్లో పాతకాలపు బట్టలు వేసుకున్న మనుషులు పిండి విసురుతూ, బుట్టలల్లుతూ ఉంటారు. వచ్చినవాళ్ళతో ఆ కాలం వాళ్ళలాగే మాట్లాడతారు. గేటు దగ్గర బోర్డు కూడా పెట్టారు: "ఈ ఇళ్ళలో ఉన్నవాళ్ళకి మీ కాలం సంగతులు తెలియవు. దయచేసి వాళ్ళని వాళ్ళ కాలంలోనే ఉండనివ్వండి." జనం ఎదుట ఒక్క క్షణం కూడా వేషం దిగకూడదట. సొంతవాళ్ళొచ్చినా సరే.

మా ఆయన బస్సు కండక్టరు, రూల్సంటే ప్రాణం. బోర్డు మొత్తం చదివి, "అంటే ఇవాళ మీ అక్క నన్ను గుర్తుపట్టకూడదన్నమాట. జన్మకి ఒక్కరోజు ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు.

అక్క ఇల్లు చివర ఉంది. రెండు గదులు, పైన అటక, మూలన పొయ్యి. అక్క తలకి గుడ్డ చుట్టుకుని తిరగలి ముందు కూర్చుని ఉంది. మేము గడపలో నిలబడగానే తలెత్తింది. నా మొహంలోకి సూటిగా చూసింది. రెప్ప కూడా కదల్లేదు.

"రండమ్మా, రండి. ఏ ఊరు మీది?"

నాకు నవ్వాగలేదు. "దూరమేనమ్మా" అన్నాను.

"కాళ్ళు పీకుతుంటాయి. ఇలా కూర్చోండి" అని పీట జరిపింది.

మా ఆయన ఊరుకోడు కదా. "ఏమండీ, మళ్ళీ బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

"బస్సంటే ఏంటి బాబూ? తినేదా, తాగేదా?"

అక్కడున్న జనమంతా గొల్లున నవ్వారు. "చూశావా, నా ఉద్యోగం మీద మా వదినగారి అసలు అభిప్రాయం ఇన్నాళ్ళకి బయటపడింది" అని నా చెవిలో గొణిగాడు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చేంత నవ్వు. మా అక్కలో ఇంత కళ ఉందని ఎవరికి తెలుసు!

ఇంకాసేపు ఉందామనుకున్నాను. గోడలకి వేలాడదీసిన సామాన్లేమిటో చూద్దామని లేచానో లేదో, "అటు గానుగ దగ్గరికి వెళ్ళండమ్మా, ఎద్దుని కట్టే వేళైంది" అని తొందరపెట్టి పంపేసింది. సిగ్గే అనుకున్నాను.

మా ఆయన కమ్మరి కొలిమి దగ్గర అతుక్కుపోయాడు. మెత్త ఇవ్వడం మర్చిపోయానని నేనొక్కదాన్నే వెనక్కి వెళ్ళాను. గుమ్మం నిండా జనం. మధ్యలో దూరడమెందుకు, పెరటి కిటికీలోంచి అందిద్దామని వెనకవైపు వెళ్ళాను. లోపల అక్క కథ చెప్తోంది.

"…ఇంటి కప్పు వేయడానికొచ్చిన అబ్బాయి వాడు. వాడు పైన, ఈ ఇంటి చిన్నపిల్ల అటక మీద. వాడు గడ్డిలోంచి దబ్బనం గుచ్చితే ఆ పిల్ల లోపలినుంచి తాడు అందుకుని, వాసం చుట్టూ తిప్పి, మళ్ళీ దబ్బనానికి ఎక్కించి పైకి తోసేది. కప్పు పూర్తయ్యేలోగా ఆ కుట్లు ఎక్కడిదాకా పోయాయో మీకు చెప్పాలా?"

జనం నవ్వారు. అందించబోయిన మెత్తని వెనక్కి లాక్కున్నాను.

"వాడు పక్క ఊళ్ళో ఇంకో కప్పు వేసి, సంత రోజు మధ్యాహ్నం వస్తానన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోవాలనుకున్నారు. పిల్ల తన అక్కకి ఒక్కదానికే చెప్పింది. అక్క ఏమందీ? 'నువ్వెళ్ళి ఇటుక బట్టీ వెనక కూర్చో. నేను వీధి చివర నిలబడతాను. వాడు రాగానే నీ దగ్గరికి పంపిస్తాను' అంది. మధ్యాహ్నమైంది. వచ్చాడు."

"హమ్మయ్య" అంది ఎవరో ఆవిడ.

"వచ్చాడమ్మా. దుమ్ము కొట్టుకుపోయి, పరుగులాంటి నడకతో వచ్చాడు. అక్క ఎదురెళ్ళి…"

అక్కడితో నాకేమీ వినపడలేదు. కాదు, నేనే వినలేదు. గేటు దాకా ఎలా నడిచానో గుర్తులేదు. మెత్త చంకలోనే ఉంది. మా ఆయనకి తలనొప్పి అని చెప్పాను.

సాయంత్రం అక్క ఫోన్. "చెప్పకుండా వచ్చేస్తారా? నవ్వు ఆపుకోలేక చచ్చాననుకో. ఎలా ఉందే నా వేషం?"

"బాగుంది" అన్నాను. "కథలు కూడా చెప్తావటగా."

"ఏవో పిట్టకథలులే. ఉప్పూ కారం దట్టించి వదలడమే."

నవంబర్ 11, మంగళవారం

ఈ సంగతి డైరీలో కూడా ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తాను. ఊరంతా విన్నాక డైరీకి దాపరికమెందుకు?

కథలో పిల్లని నేనే. అప్పటికి పెళ్ళికాలేదు, కుట్టుపని నేర్చుకుంటున్నాను. మా ఇంటి కప్పు మార్చడానికి వచ్చినవాడికి లోపల తాడు అందించే మనిషి జ్వరంతో పడుకుంటే నాన్న నన్ను అటకెక్కించాడు. ఇంట్లో అందరం అతన్ని కప్పులబ్బాయి అనేవాళ్ళం. రోజంతా అతని మొహం కనపడేది కాదు, దబ్బనం ఒక్కటే కనపడేది. గడ్డిలోంచి సర్రున దిగేది. ఒక్కోసారి నేను తాడు ఎక్కించకుండా ఆటపట్టించేదాన్ని. "లోపల మనిషుందా, పిల్లి ఉందా?" అని పైనుంచి అరిచేవాడు.

ఇనప దబ్బనం, పిడి దగ్గర అతని అరచెయ్యి బొబ్బలెక్కింది. నా దారపు రీలు తెచ్చి పిడికి చుట్టిచ్చాను. నీలం దారం. నేను కొనుక్కున్న మొదటి రీలు అదే.

సంత రోజు ఇటుక బట్టీ వెనక మూటతో పొద్దు వాలేదాకా కూర్చున్నాను. అక్క వచ్చింది. "రాలేదే బుల్లీ" అంది. నన్ను పట్టుకుని తనూ ఏడ్చింది. మూట తన కొంగులో దాచి ఇంటికి తీసుకొచ్చింది. అమ్మకీ నాన్నకీ తెలియనివ్వలేదు. నా పెళ్ళయ్యాక మా ఆయనకీ చెప్పలేదు. ఆ రోజు అక్క లేకపోతే నేనేమైపోయేదాన్నో అని ఎన్నిసార్లనుకున్నానో.

అతను వచ్చాడన్న ముక్క అక్క కథ కోసం కలిపింది. అంతే. రాలేదంటే జనానికి మజా ఏముంటుంది? రాలేదు, కూర్చుంది, లేచింది అంటే ఎవరు వింటారు? నా సంగతి నలుగురిలో చెప్పడం తప్పే, దానికి గట్టిగా తిట్టాలి. కానీ ఆ ముక్క మాత్రం కలిపినదే. ఉప్పూ కారం అని తనే అంది కదా.

నవంబర్ 12, బుధవారం

కలిపినదే.

నవంబర్ 13, గురువారం

ఇవాళ అక్కకి సెలవు. మామూలుగానే వచ్చింది, టీ తాగింది, షాపు మాస్టరు నన్ను రెండు నెలలుగా పాత ప్యాంట్లు పొట్టి చెయ్యడానికే కూర్చోబెట్టాడని చెప్తే నాకంటే ఎక్కువ తిట్టింది. మెత్త ఇచ్చాను. మురిసిపోయింది. "నా మోకాళ్ళ గురించి ఆలోచించేది భూమ్మీద నువ్వొక్కదానివే" అంది.

అప్పుడడిగాను. గుడ్డ మడత పెడుతూ, ఏదో ఊరికే అడిగినట్టు.

"అక్కా, ఆ కప్పులబ్బాయి గుర్తున్నాడా?"

"ఎవరూ?" అంది. తర్వాత "ఓ, వాడా! ఇప్పుడు వాడెందుకు గుర్తొచ్చాడే?"

"ఊరికే. ఆ రోజు ఒకవేళ వచ్చాడేమో, నన్ను చూడకుండా వెళ్ళిపోయాడేమో అని."

"వీధి చివర నిలబడ్డది నేను. నాకు తెలియకుండా ఈగ కూడా రాదు. రాలేదు. రాకపోవడమే నీ అదృష్టం. ఆ మారాజు దగ్గర నీకేం తక్కువైంది?" అని మా ఆయన ఫోటో వైపు చూపించింది.

నా మొహంలోకి సూటిగా చూస్తూ అంది. రెప్ప కదల్లేదు. ఆ చూపు ఎక్కడో చూశాను అనుకున్నాను. ఏ ఊరు మీది అన్నప్పటి చూపు అది.

నవంబర్ 16, ఆదివారం

షాపులో అర్జెంటు పని ఉందని మా ఆయనకి చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. నేను ఆయనతో అబద్ధమాడటం ఇది రెండోసారి. మొదటిది మొన్నటి తలనొప్పి.

మళ్ళీ పెరటి కిటికీ. అక్క నేను కుట్టిన మెత్త మీద గోనెపట్టా కప్పి, దానిమీద కూర్చుని నా కథ మొదలుపెట్టింది. మెత్త మీద కూర్చుని! కోపం నషాళానికి అంటింది. అయినా ఈసారి చివరిదాకా విన్నాను.

"అక్క ఎదురెళ్ళి, 'మా చెల్లి మనసు మార్చుకుంది. నువ్వు తనకి అక్కర్లేదంది. మళ్ళీ ఈ చుట్టుపక్కలకి రావద్దంది' అని చెప్పింది. వాడు నమ్మలేదు. 'ఒక్కసారి ఆమె నోటితో విని వెళ్ళిపోతా' అన్నాడు. అక్క వినలేదు. దేశాలు పట్టుకు తిరిగేవాడి చేతిలో చెల్లెల్ని ఎలా పెడుతుంది? వాడు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి సంచిలోంచి ఇది తీసిచ్చి, 'దీనికున్న దారం ఆమెది. ఇచ్చెయ్యండి' అని వెళ్ళిపోయాడు."

చెయ్యి చాపి, కిటికీకి దగ్గరగా ఉన్న పక్క గోడ చూపించింది. జల్లెడకీ కొడవలికీ మధ్య, మేకుకి, దబ్బనం. పిడికి చుట్టిన దారం వెలిసి బూడిద రంగుకి తిరిగింది. మడతల్లో మాత్రం ఇంకా నీలంగానే ఉంది. చివర నేను వేసిన ముడి, పళ్ళతో కొరికిన కొస.

కప్పు పూర్తయిన రోజు ఆ దబ్బనం సంచిలో పెట్టుకుని అతను పక్క ఊరికి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. నాకు చూపించి మరీ పెట్టుకున్నాడు. మళ్ళీ వస్తే తప్ప అది మా అక్క చేతికి రావడానికి దారి లేదు.

వచ్చాడు.

"అలా ఆ అక్క చెల్లెల్ని కాపాడుకుంది" అని అక్క ముగించింది. "మంచి పని చేసింది తల్లీ" అని ఒక పెద్దాయన. కొందరు చప్పట్లు కొట్టారు. మా అక్క తల వంచి అందుకుంది.

నవంబర్ 17, సోమవారం

వచ్చాడు. పరుగులాంటి నడకతో వచ్చాడు.

నవంబర్ 19, బుధవారం

మాస్టరు అరిచాడు. ప్యాంటు ఒక కాలు పొట్టిగా, ఒక కాలు పొడుగ్గా కుట్టానట. కుట్టి ఉంటాను.

ఎవరికోసమూ ఎదురుచూడనని ఆ బట్టీ దగ్గర ఒట్టేసుకున్నాను. మా ఆయన డ్యూటీనుంచి ఆలస్యమైతే గుమ్మంలోకి కూడా వెళ్ళను. "నువ్వు రాయివే" అని నవ్వుతాడు. వస్తానన్నవాళ్ళెవరూ రారని నమ్మి ఇన్నేళ్ళు బతికాను. ఆ నమ్మకమే అబద్ధమట. నాకది నేర్పింది మా అక్కట. ఆ సంత రోజు తర్వాత నెలలోనే తన పెళ్ళి. కళ్ళు వాచిపోయి సూదిలో దారం ఎక్కక, మాటిమాటికీ తడిచేసుకుని ఎక్కించి, తన పెళ్ళి బట్టలు నేనే కుట్టాను.

ఆ పెళ్ళి కోసమేనా? చెల్లెలు లేచిపోయిందంటే ఆ సంబంధం నిలిచేది కాదు. కథలో ఆ ముక్క ఎక్కడా లేదు.

నవంబర్ 20, గురువారం

అక్క వచ్చింది. లోపల ఉండి కూడా తలుపు తియ్యలేదు. తీసి ఏమడగను? అడిగితే రాలేదనే అంటుంది. మామూలు బట్టల్లో ఉన్నప్పుడు మా అక్క నిజం చెప్పదు. వేషం వేసుకుంటేనే చెప్తుంది. అడగాలంటే అక్కడికే వెళ్ళి అడగాలి.

నవంబర్ 23, ఆదివారం

గేటు తియ్యగానే వెళ్ళి ముందు బల్ల మీద కూర్చున్నాను. అక్క నన్ను చూసింది. తిరగలి ఒక చుట్టు ఆగి మళ్ళీ తిరిగింది.

"రండమ్మా. ఏ ఊరు మీది?"

"మీ ఊరి పక్కదే" అన్నాను.

ఇల్లు నిండింది. కథ చెప్పమన్నారెవరో. "ఇవాళ కోడిపెట్టని ఎత్తుకుపోయిన నక్క కథ చెప్తాను" అని మొదలుపెట్టింది అక్క. ఎంత తెలివి!

"అది వద్దమ్మా" అన్నాను. "ఇంటి కప్పు వేసిన అబ్బాయి కథ చెప్పండి. దానికోసమే ఇంత దూరం వచ్చాను."

"అవునమ్మా, మా కోడలు కూడా అదే బాగుందని చెప్పింది. నక్కలెవరిక్కావాలి?" అంది నా పక్కనున్న ముసలావిడ. తక్కినవాళ్ళూ అదే అన్నారు. అక్కకి దారి లేదు. వచ్చినవాళ్ళు అడిగితే కాదనకూడదు, వేషం దిగకూడదు. గోడవైపు చూస్తూ చెప్పింది. అంతా చెప్పింది, ఒక్క ముక్క తప్పకుండా. నక్క కథ చెప్పినట్టు గబగబా. చివర "అలా ఆ అక్క…" అని ఆగి, "చెల్లెల్ని కాపాడుకుంది" అంది. ముసలావిడ చప్పట్లకి చేతులెత్తింది. బళ్ళో పిల్లలా నేనూ చెయ్యెత్తాను.

"ఒక సంగతి అడగొచ్చా అమ్మా?"

"అడగండి."

"ఆ అక్కకి అప్పటికి పెళ్ళి కుదిరి ఉందా?"

తిరగలి ఆగింది. "ఉంది."

"చెల్లెలు వెళ్ళిపోతే ఆ పెళ్ళి ఆగిపోయేదా?"

"ఆగిపోయేదేమో."

"మరి ఆ ముక్క కథలో చెప్పరేం?"

"ఏమండీ, ఆవిడ పొట్టకూటికి ఏదో కథ చెప్తుంటే మీరు లాయరులా…" అని వెనకనుంచి ఒకాయన.

"నువ్వుండవయ్యా. అడగాల్సిందే అడిగింది" అంది ముసలావిడ.

అక్క నన్ను చూసింది. ఈసారి రెప్పలు కదిలాయి. "ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరమ్మా" అంది.

"చెల్లెలు ఆ రోజు ఇంటికొచ్చి ఏం చేసింది?"

"అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత అక్క పెళ్ళి బట్టలు కుట్టింది."

"అక్క అవి వేసుకుందా?"

"వేసుకుంది."

"చెల్లెలికి ఎప్పుడైనా చెప్పిందా?"

"చెప్తే చెల్లెలు మిగలదు కదమ్మా. దానికి చెల్లెలు తప్ప ఎవరున్నారు?" తలకున్న గుడ్డ సర్దుకుంది. "చెప్పకుండానేమో ఉండలేకపోయింది. అందుకని దారిన పోయేవాళ్ళకి చెప్తుండేది. దారిన పోయేవాళ్ళు పోతారు కదా."

ఎవరో ముక్కు చీదారు. వాళ్ళకి మా అక్క నటన అంత బాగా నచ్చింది! నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. జాలి పడాల్సిన చోటని తెలుసు. పడలేకపోయాను. బట్టీ దగ్గర నేను కూర్చున్నప్పుడు నా మీద ఎవరికీ జాలి రాలేదు.

లేచాను. అడ్డంగా కట్టిన తాడు దాటి గోడ దగ్గరికి వెళ్ళి దబ్బనం తీశాను. "సామాన్లు ముట్టుకోకూడదండీ" అన్నాడు వెనకాయన. ముడి గోటితో విప్పబోతే రాలేదు, నేను ముడి అంత గట్టిగా వేస్తాను. మళ్ళీ పళ్ళతో కొరికాను. చుట్లు విప్పుతుంటే దారం పుటుక్కు పుటుక్కున తెగింది, ముక్కలన్నీ గుప్పిట్లో పోగేసుకున్నాను. ఇనప పిడి బోసిగా బయటపడింది. దబ్బనం మళ్ళీ మేకుకి తగిలించాను.

"దీనికున్న దారం ఆమెదన్నారు కదా" అన్నాను. "ఆమెకి ఇచ్చేస్తాను."

"బుల్లీ" అంది అక్క.

గట్టిగానే అంది. జనం ఎదుట, వేషంలో, రూలు తప్పి. అందరూ నా వైపు తిరిగారు. నేను బుల్లి ఎవరో వెతుకుతున్నట్టు వెనక్కి తిరిగి చూసి, గడప దాటాను.

నవంబర్ 24, సోమవారం

బల్ల మీద దారం ముక్కలు చూసి మా ఆయన ఏంటివి అన్నాడు. చెప్పేశాను. మొత్తం. కప్పులబ్బాయితో మొదలుపెట్టి నిన్నటి దాకా. అన్నం చల్లారిపోయింది. ఆయన మధ్యలో ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

"మీ అక్క చేసింది దుర్మార్గం" అన్నాడు చివరికి. కంచం పక్కకి జరిపి, "కాని ఆ అబ్బాయి నిన్ను తీసుకెళ్ళిపోయి ఉంటే నువ్వు నా బస్సెక్కేదానివి కాదు. ఆవిణ్ణి తిట్టమంటే నాకు నోరు రావడం లేదోయ్. ఏం చెయ్యను?"

నిజమే చెప్పాడు. ఆ నిజానికి కూడా ఒళ్ళు మండింది. నాకు జరిగినదానికి పూర్తిగా నా పక్కన నిలబడేవాళ్ళు ఈ ఇంట్లో కూడా లేరు. ఆయన గిన్నెలు కడుగుతున్నాడు. నేను అడగలేదు.

నవంబర్ 25, మంగళవారం

అక్క ఫోన్. ఎత్తలేదు. మళ్ళీ ఫోన్. మా ఆయన ఎత్తబోయాడు, చూపుతోనే ఆపాను.

అతను ఏమనుకుని ఉంటాడు? నేనే అక్కర్లేదన్నానని అనుకుంటూ బతికాడు. ఎక్కడో ఏ కప్పు మీదో కూర్చుని దబ్బనం గుచ్చినప్పుడల్లా అదే అనుకుని ఉంటాడు. అది అబద్ధమని చెప్పడానికి అతని ఊరు కూడా నాకు తెలియదు. అప్పుడు అడగాలని తోచలేదు.

నవంబర్ 27, గురువారం

పొద్దున్నే తలుపు చప్పుడు. షాపుకి బయల్దేరుతూ తీశాను. అక్క. మామూలు బట్టలు, చేతిలో మెత్త. ఏడ్చిన మొహం. ఒక్కసారిగా ముసలిదైపోయింది.

లోపలికి అడుగు వెయ్యబోయింది. నేను పక్కకి జరగలేదు. మొహంలోకి సూటిగా చూశాను. ఎలా చూడాలో మా అక్క దగ్గరే నేర్చుకున్నాను.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

మెత్తని గుండెలకి అదుముకుంది. "మన ఊరేనే బుల్లీ" అంది.

"ఆ ఊళ్ళో నాకెవరూ లేరమ్మా" అన్నాను.

తలుపు వేసి గడియ పెట్టాను. పెట్టానే గాని అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. వెళ్ళిపోయే అడుగుల చప్పుడు కోసం విన్నాను. రాలేదు. షాపు తెరిచే వేళ దాటిపోయింది. ఇటు నేను కదల్లేదు, అటు అక్క కదల్లేదు.